పసిబిడ్డల ఆటా మాటా – తల్లుల పొద్దు

(ఏలూరులో అంగన్‌వాడీ కార్యకర్తలు, మహిళా సంఘాల కార్యకర్తలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం “పసిపిల్లల వికాసం – తల్లుల బాధ్యత”. ఇందులో మొదటి సగం గురించి తప్పకుండా మాట్లాడతాను. రెండో సగంతో మాత్రం నాకు పేచీ ఉంది. పిల్ల బాగా ఎదిగితే వంశం పేరు, ఎదగకపోతే తల్లి పెంపకం అనే లోకంలో బతుకుతున్నాం మనం. పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో చెప్పే మాటలు ఎంత మంచివైనా సరే, చివరికి అవి ఆడదాని నెత్తిన ఇంకో బుట్టగా మారే ప్రమాదం ఉంది. అందుకే ఈ రోజు రెండు విషయాలూ కలిపి మాట్లాడుకుందాం. పసిబిడ్డకు ఏం కావాలి? అది ఇవ్వడానికి తల్లికి పొద్దు ఎక్కడుంది?

ఇక్కడ ఏలూరు వార్డుల నుంచి వచ్చినవాళ్ళున్నారు. తాడేపల్లిగూడెం నుంచి, కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు లంక గ్రామాల నుంచి వచ్చినవాళ్ళున్నారు. మీలో ఒక్కొక్కరు చూసినంతమంది పసిపిల్లల్ని పెద్ద డాక్టర్లు కూడా చూసి ఉండరు. నేను చెప్పేదాన్ని మీరు చూసినదానితో పోల్చుకుంటూ వినండి. పొంతన కుదరకపోతే అడగండి.

బిడ్డ ఎప్పుడు నేర్చుకుంటుంది?

బడికి వెళ్ళినప్పుడే చదువు మొదలవుతుందని మనలో చాలామంది నమ్మకం. కానీ రెండేళ్ళు నిండేసరికే బిడ్డ మెదడు పరిమాణంలో పెద్దవాళ్ళ మెదడుకు సుమారు 80 శాతానికి చేరుకుంటుంది. అంటే బడి గడప తొక్కేలోపే చాలా పని జరిగిపోతుంది. ఆ పని తిండితో జరుగుతుంది, నిద్రతో జరుగుతుంది, తన మొహంలోకి చూసి పలకరించే మనిషితో జరుగుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. కెనడాలో ఇద్దరు పరిశోధకులు, జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనేవాళ్ళు 1984లో ఒక అధ్యయనం ప్రచురించారు. మన ‘ట’, ‘త’ లాంటి హిందీ ధ్వనుల్ని ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళల్లో పుట్టిన పసిపిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెండింటి తేడాను పట్టుకున్నారు. ఏడాది నిండే సమయానికి, ఆ ధ్వనులు ఇంట్లో వినపడని పిల్లలు ఆ తేడా పట్టుకోలేకపోయారు. దీన్నిబట్టి మనకు తెలిసేది ఏమిటి? నోట మాట రాకముందే బిడ్డ చెవి మన భాషను ఏరుకుంటోంది. “దానికేం అర్థమవుతుంది?” అని మనం మౌనంగా నీళ్ళు పోసే పిల్ల, నిజానికి మన ప్రతి మాటనూ దాచుకుంటోంది.

ఇంకొకటి. జమైకా దేశంలో కింగ్‌స్టన్ నగరపు పేదవాడల్లో 1980లలో ఒక ప్రయత్నం జరిగింది. వయసుకు తగ్గ ఎత్తు ఎదగని, 9 నుంచి 24 నెలల వయసున్న 129 మంది పిల్లల్ని తీసుకున్నారు. వాళ్ళలో కొందరి ఇళ్ళకు మన ఆశా కార్యకర్తల్లాంటి ఆడవాళ్ళు వారానికి ఒకసారి, ఒక గంటసేపు, రెండేళ్ళపాటు వెళ్ళారు. ఖాళీ సీసాలు, డబ్బాలు, అట్టముక్కలతో చేసిన ఆటవస్తువులు పట్టుకెళ్ళి తల్లితో కలిసి బిడ్డను ఆడించారు. తల్లికి పాఠం చెప్పలేదు, మెచ్చుకుంటూ చేసి చూపించారు. ఆ పిల్లలు 22 ఏళ్ళవాళ్ళయ్యాక వెతికి పట్టుకుని చూస్తే, ఆ గంట దొరకని పిల్లలకంటే వాళ్ళ సంపాదన 25 శాతం ఎక్కువగా ఉంది. ఆ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. పాల ఆహారం మాత్రమే అందుకున్న పిల్లల్లో అంత నిలకడైన మేలు కనపడలేదు. తిండి వద్దని దీని అర్థం కాదు. తిండితోపాటు ఆటా మాటా కూడా కావాలని అర్థం.

మన ఇంట్లో ఉన్న బడి

ఇది వినగానే రంగురంగుల బొమ్మలు కొనాలనుకోనక్కర్లేదు. మన వాకిట్లో ఉన్నవి చాలు.

చంటిబిడ్డకు నూనె పట్టించి, నలుగు పెట్టి, కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసే పద్ధతి మనది. ఆ పావుగంటలో “ఇది చెయ్యి, ఇది బొజ్జ, ఇదిగో చల్లనీళ్ళు, ఇదిగో వేణ్ణీళ్ళు” అని చెప్తూ పోస్తే అదే పాఠం. బిడ్డ ‘ఊ’ కొట్టినప్పుడు ఆగి, మళ్ళీ మనం జవాబు చెప్తే అది సంభాషణ. తారంగం ఆడించడం, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని తీయడం మన మామ్మలకు ఎప్పుడో తెలుసు. కొంగు వెనక మనిషి మాయమవలేదని, ఉందని బిడ్డ నేర్చుకునేది ఆ ఆటలోనే.

కొల్లేరు ఊళ్ళలో వల దులిపాక చేపల్ని ఏరడం రోజూ ఉండే పని. జెల్లలు ఒకవైపు, కొరమీనులు ఒకవైపు, ఇంగిలాయిలు ఒకవైపు. రెండున్నర, మూడేళ్ళ పిల్ల పక్కన కూర్చుని ముళ్ళు లేని చిన్న చేపల్ని ‘పెద్దవి, చిన్నవి’ అని వేరుచేస్తే, లెక్కలకు అది తొలి మెట్టు. ఒక లంక గ్రామంలో నేను చూశాను. నాలుగేళ్ళ పిల్లవాడు తొమ్మిది రకాల చేపల పేర్లు చెప్పాడు. గూడబాతు ముక్కు కింద సంచి ఎందుకుంటుందో చెప్పాడు. వాడే అంగన్‌వాడీ కేంద్రంలో ఆపిల్ బొమ్మ చూపిస్తే బిక్కమొహం వేశాడు. వాడికి తెలివి లేదని అక్కడ ఎవరో అన్నారు. వాడికి తెలిసింది అడిగే గోడపటం అక్కడ లేదంతే. గుర్రపుడెక్క పువ్వు, కిక్కిస కాడ, తాటిదోనె, మావు, తుంగచాప – వీటి బొమ్మలు మనమే గీసి గోడకు అంటించవచ్చు కదా!

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు మీకు తెలుసు. ఉల్లిపాయలు ఏరే తల్లుల పక్కన పిల్లలు గోతాం పట్టాల మీద ఉంటారు. గోలీలంత పాయలు, గుప్పెడంత పాయలు, ఎర్రవి, తెల్లవి. పొర ఒలిస్తే లోపల ఇంకో పొర. ఎండకు పట్టుకుంటే వెలుగు కనపడే పొట్టు. “ఇది బరువా, అది బరువా?” అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, పిల్ల పది నిమిషాలు తూచుతూ కూర్చుంటుంది. ఇంట్లో బియ్యం చేట, చెంబు, గరిటె, మడత పెట్టే బట్టలు, అన్నీ ఇలాంటివే. ఏడాది పిల్లకు గిన్నెలో గిన్నె పెట్టడం పెద్ద విద్య. రెండేళ్ళ పిల్లకు చెంబుతో నీళ్ళు ఒంపడం విద్య. మూడేళ్ళ పిల్లకు “నిన్న ఏం కూర తిన్నాం?” అనే ప్రశ్న విద్య. గుజ్జనగూళ్ళు, దాగుడుమూతలు, ఒప్పులకుప్ప ఇవన్నీ ఎవరూ పుస్తకంలో రాయకముందే మన పిల్లల పాఠ్యప్రణాళిక.

ఒక జాగ్రత్త చెప్పాలి. పనిలో పిల్ల పక్కన ఉండడం వేరు, పిల్లచేత పని చేయించడం వేరు. ఆసక్తి ఉన్నంతసేపు ఏరి, విసుగొస్తే లేచి పరిగెత్తే హక్కు పిల్లకు ఉన్నంతవరకే అది ఆట. బుట్టకు ఇంత అని లెక్క కట్టిన రోజున అది బాలకార్మికత. ఇంకొకటి, చేపల పని ఆడపిల్లకూ, దోనె ఎక్కడం మగపిల్లవాడికీ అని మూడో ఏటనే పంచేస్తున్నాం. దోనె తెడ్డు ఇద్దరికీ ఇవ్వండి, చీపురూ ఇద్దరికీ ఇవ్వండి.

తల్లికి పొద్దు ఎక్కడుంది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రొయ్యల షెడ్డుకు తెల్లవారుజామున ఆటో వస్తుంది. ఐసు నీళ్ళలో చేతులు నానబెట్టి గంటలకొద్దీ నిలబడి వొలిచి, ఇంటికొచ్చి, మంచినీళ్ళ కోసం బిందెలు పట్టుకుని వెళ్ళి, వంట చేసి, అంట్లు తోమే మనిషికి “మీ పాపతో రోజుకు అరగంట ఆడండి” అని మనం సలహా ఇస్తున్నాం. చుట్టూ కొల్లేరు ఉండీ తాగడానికి గుక్కెడు మంచినీళ్ళు డబ్బా కొనుక్కునే ఊళ్ళు ఇవి. ఆ నీళ్ళ కోసం పోయిన గంటే బిడ్డ కథ వినాల్సిన గంట. కుళాయి ఇవ్వడం కూడా శిశు వికాసమే అని నేను అనేది అందుకే.

మన పక్కనే నరసాపురం. అక్కడి లేసు అల్లే ఆడవాళ్ళ గురించి మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. గంటల తరబడి చేసే ఆ పనిని ‘ఖాళీ సమయంలో కాలక్షేపం’గా చూడడం వల్లనే కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించింది. పిల్లల్ని పెంచడం విషయంలోనూ జరుగుతున్నది అదే. పని చేస్తూ చేస్తూ ఎలాగో పెంచేస్తుందిలే అని అందరూ అనుకుంటారు కాబట్టి ఆ పనికి గంటలు లేవు, కూలి లేదు, సెలవు లేదు. మన జిల్లాల నుంచి కువైట్ వెళ్ళి అరబ్బు ఇళ్ళల్లో పిల్లల్ని పెంచుతున్న తల్లులున్నారు. వాళ్ళ పిల్లలు ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఫోనులో అమ్మను చూసుకుంటున్నారు. అక్కడ జీతం ఉన్న పనికే ఇక్కడ విలువ లేదు.

మరి తండ్రులు? రాత్రి వేటకు వెళ్ళిన మగవాళ్ళు పొద్దున్నే తిరిగివస్తారు. మధ్యాహ్నం రచ్చచెట్టు కింద కనపడతారు. వాళ్ళకూ అలసట ఉంటుంది, కాదనను. కానీ ఆడవాళ్ళ అలసట పిల్ల ఏడిస్తే లేస్తుంది, మగవాళ్ళ అలసట మాత్రం లేవదు. తల్లుల సమావేశాలు పెట్టే మనం తండ్రుల సమావేశం పెట్టామా? నెలకొకసారి తండ్రిని కేంద్రానికి రప్పించి, బిడ్డ బరువు ఆయన చేతనే తూయించండి. చార్టులో చుక్క ఆయన చేతనే పెట్టించండి. తను చూసిన చుక్కను తను మర్చిపోడు.

చుట్టూ నీళ్ళు

కొల్లేరు మీదా, చెరువుల మీదా బతికే ఊళ్ళలో పిల్లల సంరక్షణ ప్రాణానికి సంబంధించిన విషయం. ఇంటి గుమ్మం దాటితే కాలవ, కాలవ దాటితే చేపల చెరువు. లోకంలో నీళ్ళలో మునిగిపోయేవాళ్ళలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల వాటా చాలా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మనలాగే నీళ్ళ మధ్య ఉన్న బంగ్లాదేశ్ పల్లెల్లో దీన్ని గమనించారు. తల్లులు వంటలో, పనిలో మునిగి ఉండే ఉదయం వేళల్లోనే ఎక్కువమంది పిల్లలు చనిపోతున్నారు. అందుకని ‘ఆంచల్’ అనే పేరుతో, అంటే కొంగు అని, ఊళ్ళోనే ఒకామె ఇంట్లో పొద్దున్న 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు అయిదేళ్ళలోపు పిల్లల్ని ఉంచుకునే ఏర్పాటు చేశారు. ఆటా పాటా అక్కడే. ఆ కేంద్రాలకు వచ్చిన పిల్లల్లో నీటి మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అక్కడి ప్రభుత్వం 2022లో 16 జిల్లాల్లో 8,000 కేంద్రాలు పెట్టే పథకానికి ఆమోదం తెలిపింది.

ఆ నాలుగు గంటలు ఎవరూ తల్లిని “నీకు జాగ్రత్త లేదా?” అని తిట్టలేదు, ఇంకో మనిషిని ఏర్పాటు చేశారు. మనకు కావలసింది కూడా అదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి వచ్చి లంక గ్రామాలు నీళ్ళ మధ్య చిక్కుకున్నప్పుడు పసిపిల్లల తిండి, పాలు, ఆట ఏమయ్యాయో మీ అందరికీ తెలుసు. వరద ప్రణాళికలో పశువుల మేతకు ఒక లెక్క ఉంటుంది. అయిదేళ్ళలోపు పిల్లల పేర్ల జాబితా కూడా ఉండాలని మనం అడగాలి.

ఏలూరు వాళ్ళకు ఇంకోటి గుర్తు చేస్తాను. 2020 డిసెంబరులో ఈ ఊళ్ళో వందలాది మంది, పిల్లలతో సహా, మూర్ఛలతో పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనపడ్డాయని ఎయిమ్స్ నిపుణులు చెప్పారు. సీసం పసివాళ్ళ మెదడుకు చేటు, దానికి ‘ఇంతవరకు పరవాలేదు’ అనే మోతాదు లేదు. దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం పసిబిడ్డ నేర్చుకునే పద్ధతి. కాబట్టి పాత బ్యాటరీలు విరగ్గొట్టే చోట, పెచ్చులూడిన రంగుల గోడల దగ్గర పిల్లల్ని ఆడనివ్వకండి. అయితే తాగే నీళ్ళూ తొక్కే మట్టీ శుభ్రంగా ఉంచే బాధ్యత మాత్రం మునిసిపాలిటీది, ప్రభుత్వానిది.

చట్టం ఏమంది?

1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన కేసే, పద్నాలుగేళ్ళ వరకు ప్రతి బిడ్డకూ చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు అంది. పుట్టిన రోజు నుంచీ అని అర్థం. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చి ఆరు నుంచి పద్నాలుగు అని గీత గీసింది. ఆరేళ్ళలోపు పిల్లల్ని 45వ అధికరణంలో, కోర్టుకెళ్ళి అడగలేని ఆదేశిక సూత్రాల్లో పెట్టింది. 2009 విద్యా హక్కు చట్టం కూడా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అంది, ‘చేయాలి’ అనలేదు. ఆ ఒక్క మాట తేడాలో కోట్ల మంది పిల్లలున్నారు.

తిండి విషయంలో కొంత సాధించాం. నలభై మంది ఆరేళ్ళలోపు పిల్లలున్న వాడ అడిగితే అంగన్‌వాడీ ఇవ్వాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013లో చేసినప్పుడు ఆహార భద్రతా చట్టం, మూడు నుంచి ఆరేళ్ళ బిడ్డకు రోజుకు 500 కాలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఇచ్చే భోజనం హక్కని చెప్పింది. కొల్లేరు శీలావతులు, బొచ్చెలు లారీల్లో కలకత్తా వెళ్తున్నాయి. మన పిల్లలకు గుడ్డు అయినా సరైన సైజులో, కుళ్ళకుండా రావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

శిశు సంరక్షణ కేంద్రాల సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఉండాలంది. 2017లో సవరించిన ప్రసూతి చట్టం 50 మంది ఉద్యోగులుంటే ఉండాలంది. 2005 ఉపాధి హామీ చట్టం, పని దగ్గరికి అయిదుగురు పసిపిల్లలు వస్తే వాళ్ళను చూసుకునే మనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలంది. ఎంతమంది చూశారా మనిషిని? ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పేరు ఏదైనా గానీ ఆ హక్కు జారిపోకుండా కాపాడుకోవాలి. ‘పాల్నా’ అంటే ఉయ్యాల. ఆ పేరుతో 2022లో కేంద్రం అంగన్‌వాడీలలోనే సంరక్షణ కేంద్రాలు పెడతామని 17,000 లక్ష్యం ప్రకటించింది. మన లంకల్లో ఎన్ని ఉయ్యాలలు ఊగుతున్నాయో మనమే లెక్క తీద్దాం.

ఇక అంగన్‌వాడీ మాట. అంగన్ అంటే ముంగిలి. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో తారాబాయి మోడక్, బడికి రాలేని పిల్లల దగ్గరికి బడినే వాళ్ళ ముంగిళ్ళలోకి తీసుకెళ్ళింది. 1975 అక్టోబరు 2న మొదలైన పథకానికి ఆ పేరు వచ్చింది. ఆ ముంగిలిని నడిపే మనిషిని మాత్రం ‘గౌరవ సేవకురాలు’ అన్నారు. గౌరవం పేరు చెప్పి జీతం ఎగ్గొట్టడం ఆడవాళ్ళ పనికే చెల్లింది. 2023 డిసెంబరు 12న మీరు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది. అప్పటికి కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. ఎస్మా ప్రయోగించినా మీరు కదల్లేదు. గ్రాట్యుటీ మీకు చెందుతుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. పిల్లల హక్కు వేరు, కార్యకర్త హక్కు వేరు అనేవాళ్ళకు ఒకటే సమాధానం. రిజిస్టర్లూ, ఫోనులో ఫొటోలూ, సర్వేలూ, వంటా అన్నీ ఒక్క మనిషి మీద వేస్తే, పిల్ల ‘ఊ’ అన్నప్పుడు ఆగి జవాబు చెప్పేది ఎవరు?

ఏం చేద్దాం?

ఇంటికి వెళ్ళాక మొదలుపెట్టగల పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

ఒకటి. ప్రతి కేంద్రంలో మన ఊరి వస్తువులతో ఒక బుట్ట పెట్టండి. నున్నటి గవ్వలు, తాటాకు బొమ్మలు, మూత బిగించిన సీసాలో గింజలు, గుడ్డ బంతి. నోట్లో పట్టేంత చిన్నవి మూడేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకండి.

రెండు. ఇంటికి వెళ్ళినప్పుడు ‘చెయ్యండి’ అని చెప్పేముందు, ఆ తల్లి ఇప్పటికే చేస్తున్నది ఒకటి చూసి మెచ్చుకోండి. నీళ్ళు పోస్తూ మాట్లాడుతుంటే “ఎంత బాగా చెప్తున్నావమ్మా!” అనండి.

మూడు. నడక, మాట, చూపు, వినికిడి వెనకబడినట్టు కనపడితే “వాళ్ళ నాన్నకూ మాట ఆలస్యమే” అని వదిలేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. తల్లిని నిందించే మాట ఒక్కటి కూడా మీ నోట రానివ్వకండి.

నాలుగు. మీ ఊళ్ళో తల్లి పనికి వెళ్ళే గంటలు, నీళ్ళకు పట్టే గంటలు, ఆ సమయంలో బిడ్డ ఎవరి దగ్గర ఉంటోందో ఒక కాగితం మీద రాయండి. ప్రతి ఇంటికీ రాయండి. రొయ్యల షెడ్డు, ఉల్లి మార్కెట్టు, ఇటుకల బట్టీ దగ్గర ఎంతమంది పిల్లలున్నారో లెక్క తీయండి. ఆ కాగితాలు పట్టుకుని గ్రామసభకు వెళ్దాం, ఏలూరు, భీమవరం కలెక్టర్ కార్యాలయాలకు వెళ్దాం. షెడ్లలో, మార్కెట్లలో సంరక్షణ కేంద్రం కావాలని, నీళ్ళ ఊళ్ళలో ఉదయం పూట పిల్లల్ని చూసుకునే, జీతం ఉన్న మనిషి కావాలని అడుగుదాం.

సారాకు వ్యతిరేకంగా 1992లో దూబగుంట ఆడవాళ్ళు లేచినప్పుడు అది ఇంటి గొడవ అన్నవాళ్ళున్నారు. పిల్లల పెంపకాన్ని కూడా ఇంటి గొడవే అంటారు. ఇంటి గొడవను ఊరి ముందు పెట్టడం మనకు కొత్త కాదు. వచ్చే మూడు నెలల్లో ఎవరెవరు ఏ ఊళ్ళో లెక్క తీస్తారో ఇప్పుడే పేర్లు రాసుకుందాం. పిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్ళు ముందు మాట్లాడండి, వాళ్ళు నిద్రకు వచ్చారు.